పాప రక్తంలో సీ3 ఎక్కువ వచ్చినప్పుడు

మా పాప పుట్టాక, పుట్టుకతో వచ్చే జీవక్రియ జబ్బులు ఉన్నాయేమో చూడడానికి మడమ రక్తంతో చేయించిన టీఎంఎస్ టెస్టు రిపోర్టు మా ఆయన వాట్సాప్‌కి పీడీఎఫ్‌గా వచ్చింది. అందులో రెండు వరుసలు ఎర్ర రంగులో ఉన్నాయి. సీ3 (రక్తంలో ఉండే ఒక పదార్థం, అదేంటో కింద చెప్తాను): 8.1, కటాఫ్ 5.5. సీ3/సీ2 నిష్పత్తి: 0.32, కటాఫ్ 0.20. వాటి కింద ఒకే వాక్యం: ప్రొపియోనిక్ ఎసిడీమియా, మిథైల్‌మలోనిక్ ఎసిడీమియా, కోబాలమిన్ లోపాల కోసం తదుపరి పరీక్షలు చేయించగలరు. ఫోన్ చేసి వివరంగా చెప్పినవాళ్లు లేరు. ఆయన ఆ పేర్లు గూగుల్‌లో కొట్టి చూసుకుని, నాకు ఫోన్ చేసి, అసలు సంగతి చెప్పకుండా "పాప పాలు బాగా తాగుతోందా?" అని అడిగారు. అడిగిన తీరుకే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇలాంటి రిపోర్టు వచ్చినప్పుడు తెలుగులో చదువుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు కాబట్టి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, బ్యాంకులో పని చేస్తాను. మా పాపకి జరిగినట్టే అందరికీ జరగాలని లేదు. అదే సీ3 ఇంకో ఇంట్లో పూర్తిగా వేరే కథ చెబుతుంది. అలాంటి ఒక కుటుంబాన్ని కూడా చూశాం, వాళ్ల సంగతి చివర్లో చెప్తాను.

పురుడు గుంటూరులో, మా పుట్టింట్లో. ఈ టెస్టు చేయించాలని మనకి నిబంధనేమీ లేదు. డిశ్చార్జికి ముందు సిస్టర్ ఒక ఫారం తెచ్చి చేయించుకుంటారా అని అడిగింది. ఖర్చు కొన్ని వేలు. మా వాళ్లలో సగం మంది "పాప బంగారంలా ఉంది, దానికెందుకు సూది?" అన్నారు. మా ఆయన మాత్రం సంతకం పెట్టేశారు. పుట్టి 48 గంటలు దాటి, పాలు పట్టడం మొదలయ్యాక తీయాలట. మడమని గోరువెచ్చటి గుడ్డతో వేడి చేసి, మడమ పక్క భాగంలో పొడిచి, ఫిల్టర్ పేపర్ కార్డు మీద ఉన్న గుండ్రాల్లో రక్తపు చుక్కలు నింపారు. కార్డుని ఎండ తగలకుండా కొన్ని గంటలు ఆరబెట్టి హైదరాబాద్ ల్యాబ్‌కి కొరియర్‌లో పంపారు. మే నెల, గుంటూరు ఎండలు. ఈ ఎండ విషయం తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

రిపోర్టు వచ్చిన రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఆయన కాగితం పక్కన పెట్టి ముందు పాపని చూశారు. పాలు వదిలేస్తోందా, వాంతులున్నాయా, లేపినా లేవకుండా మత్తుగా పడుకుంటోందా, ఊపిరి వేగంగా తీస్తోందా? ఇవేవీ లేవు. అయినా అమ్మోనియా, లాక్టేట్, బ్లడ్ గ్యాస్ వెంటనే చేయించారు. అమ్మోనియా శాంపిల్‌ని ఐసులో పెట్టి నిమిషాల్లో ల్యాబ్‌కి చేర్చాలి, ఆలస్యమైతే అంకె దానంతట అదే పెరిగిపోతుంది. బేబీ గట్టిగా ఏడ్చినా, చెయ్యి బిగించి కట్టినా లాక్టేట్ ఎక్కువగా వస్తుంది. మా పాప ఊరంతా వినబడేలా ఏడ్చింది. లాక్టేట్ కొంచెం ఎక్కువ, మిగతావి మామూలు. "ఇప్పటికి ప్రమాదం లేదు. పాలు ఆపకండి. నేను చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా తీసుకురండి. హైదరాబాద్‌లో జెనెటిక్స్ వాళ్లకి చూపించండి" అన్నారు. పాలు ఆపొద్దన్న ఆ ఒక్క మాటా ఆ రాత్రికి నాకు చాలా పెద్దది. గూగుల్ చదివాక, నా పాలే పాపకి విషమవుతున్నాయేమోనని పాలివ్వడానికే భయపడ్డాను.

హైదరాబాద్‌లో మేము కలిసిన జెనెటిక్స్ డాక్టర్ మేడమ్ ఓపిగ్గా చెప్పారు. ఆవిడ చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి నాకు అర్థమైనట్టు రాస్తాను.

మన కణాల్లో కార్నిటైన్ అనే చిన్న పదార్థం ఉంటుంది. పొడవాటి కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి వెళ్లి శక్తిగా మారాలంటే కార్నిటైన్‌కి అతుక్కునే వెళ్లాలి. అలా ఏదో ఒక ఆమ్లం అతుక్కుని ఉన్న కార్నిటైన్‌నే ఎసైల్ కార్నిటైన్ అంటారు. మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు కాబట్టి నాకు హమాలీలే గుర్తొచ్చారు. సరుకు లోపలికి మోసుకెళ్లేది వాళ్లే, లోపల పని ఆగిపోయి టిక్కీలు (మిర్చి బస్తాలు) పేరుకుపోతే మళ్లీ బయటికి మోసేదీ వాళ్లే. రోడ్డు మీద ఏ రకం టిక్కీలు ఎన్ని పడి ఉన్నాయో చూస్తే లోపల ఏ పని ఆగిందో నాన్న గేటు దగ్గరే చెప్పేవారు. శరీరంలో ఒక ఎంజైమ్ పని చేయకపోతే దాని ముందు మెట్టు దగ్గర పేరుకున్న ఆమ్లాన్ని కార్నిటైన్ బయటికి తెచ్చి రక్తంలో వదులుతుంది. టెస్టులో లెక్కపెట్టేది దాన్నే.

పేర్లు కూడా తేలికే. సీ పక్కన ఉన్న అంకె, అతుక్కున్న ఆమ్లంలో ఎన్ని కార్బన్లు ఉన్నాయో చెబుతుంది. సీ0 అంటే ఏదీ అతుక్కోని కార్నిటైన్. సీ2 మామూలుగానే ఎక్కువగా ఉంటుంది. సీ8 బాగా పెరిగితే ఎంసీఏడీ అనే, కొవ్వుని విరిచే ఎంజైమ్ లోపాన్ని అనుమానిస్తారు. ఆ పిల్లలు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోతుంది. సీ14:1 పెరిగితే వీఎల్‌సీఏడీ అనే లోపం, సీ5 పెరిగితే ఐసోవాలెరిక్ ఎసిడీమియా, సీ5డీసీ పెరిగితే గ్లుటారిక్ ఎసిడ్యూరియా మొదటి రకం గుర్తుకు రావాలి. మా పాపకి పెరిగిన సీ3 ప్రొపియోనైల్ కార్నిటైన్. వాలైన్, ఐసోల్యూసిన్, మెథియోనిన్, థ్రియోనిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాలు, ఇంకొన్ని కొవ్వులు విరిగినప్పుడు ఈ మూడు కార్బన్ల ముక్క వస్తుంది.

ఇన్నింటినీ ఒక్క చుక్క రక్తంలో ఎలా కొలుస్తారన్నది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. కార్డు నుంచి మూడు మిల్లీమీటర్ల చుక్క కత్తిరించి, అందులో ఉన్నవి మిథనాల్‌లోకి దిగేలా చేసి, టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. మెషిన్ ఆ అణువుల్ని విరగ్గొడితే ఎసైల్ కార్నిటైన్లన్నిటి నుంచీ 85 బరువున్న ఒకే ముక్క ఊడి వస్తుంది. ఆ ముక్కని వదిలినవాటి అసలు బరువు చూస్తే అది సీ3నో సీ8నో తెలిసిపోతుంది. ఒక్కో శాంపిల్‌కి రెండు మూడు నిమిషాలు చాలు. ఫిల్టర్ పేపర్ మీద రక్తపు చుక్కతో నవజాత శిశువులకి పరీక్ష చేయడం 1960లలో రాబర్ట్ గత్రీతో మొదలైంది. అప్పుడు ఒక్కో జబ్బుకి ఒక్కో పరీక్ష. ఎసైల్ కార్నిటైన్లన్నీ ఇలా ఒకేసారి చూసి నవజాత శిశువుల స్క్రీనింగ్‌కి వాడొచ్చని అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ మిల్లింగ్టన్ బృందం 1990లో రాసింది.

నాన్న ఒక ప్రశ్న అడిగారు. మా అందరి ఆశా అదే. "ఎండకి కార్డు పాడై తప్పు వచ్చిందేమో కదా మేడమ్?" ఆవిడ తల అడ్డంగా ఊపారు. వేడికి, తేమకి ఎసైల్ కార్నిటైన్లు విడిపోయి మామూలు కార్నిటైన్‌గా మారతాయి. అంటే ఎండ వల్ల సీ3 తగ్గాలి, సీ0 పెరగాలి. ఇంత ఎండలో కూడా ఎక్కువ వచ్చిందంటే అసలు అంకె ఇంకా పెద్దదై ఉండొచ్చు. నాన్న మళ్లీ నోరెత్తలేదు.

తర్వాత మేడమ్ పాపని వదిలేసి నా వైపు తిరిగారు. అక్కడి నుంచి వేసిన ప్రశ్నలన్నీ నా గురించే. మేనరికమా? కాదు. మా అత్తమామలది మేనరికమే గానీ మాది కాదు, మా రెండు కుటుంబాల మధ్యా చుట్టరికం లేదు. ఇంతకు ముందు పిల్లలు పోయారా? లేదు. ఏం తింటారు? పుట్టుక నుంచీ శాకాహారం, గుడ్డు కూడా తినం. పాలు? కాఫీలో. గ్యాస్ బిళ్లలు వేసుకుంటారా? కాలేజీ రోజుల నుంచీ పొద్దున్నే పాంటోప్రజోల్, అది వేసుకోకుండా టిఫిన్ తినను. ఇప్పుడు పథ్యంలో ఏం పెడుతున్నారు? అమ్మ గర్వంగా చెప్పింది: ధనియాల కారం, వెల్లుల్లి కారం, బీరకాయ, పొట్లకాయ, నెయ్యి. పెరుగు మాత్రం బాలింతకి చలవ చేస్తుందని ముట్టనివ్వడం లేదు.

"అయితే బీ12 ఎక్కడి నుంచి వస్తుందమ్మా?" అన్నారు మేడమ్.

ఆ ప్రశ్న వెనక ఉన్నది ఇది. మూడు కార్బన్ల ముక్క ముందు ఒక ఎంజైమ్ దగ్గర మిథైల్‌మలోనిల్ రూపంలోకి మారుతుంది. దానికి బయోటిన్ కావాలి. ఆ ఎంజైమ్‌లో పుట్టుకతో లోపం ఉండి పని అక్కడ ఆగితే ప్రొపియోనిక్ ఎసిడీమియా. తర్వాతి మెట్టులో ఇంకో ఎంజైమ్ దాన్ని సక్సినిల్‌గా మార్చి శక్తి తయారయ్యే దారిలో పెడుతుంది. ఈ రెండో ఎంజైమ్‌లో పుట్టుకతో లోపం ఉంటే మిథైల్‌మలోనిక్ ఎసిడీమియా. ఆ ఎంజైమ్ బాగానే ఉన్నా, అది పని చేయడానికి బీ12 కావాలి (రిపోర్టులో కోబాలమిన్ అన్నది దీన్నే). బీ12 లేకపోతే అదీ ఖాళీగా కూర్చుంటుంది, వెనక సీ3 పేరుకుంటుంది. కడుపులో ఉన్న బిడ్డ తన బీ12 నిల్వలన్నీ తల్లి నుంచే తెచ్చుకోవాలి. తల్లి దగ్గర లేనిది బిడ్డకి రాదు. కాబట్టి పుట్టుకతో వచ్చే పెద్ద జబ్బుకీ, తల్లిలో ఉన్న మామూలు విటమిన్ లోపానికీ మొదటి కార్డు మీద ఒకటే గుర్తు పడుతుంది. రెండింటినీ విడదీయడమే అసలు పని. మన దేశంలో సీ3 ఎక్కువ వచ్చిన బిడ్డని చూస్తే తల్లి రక్తం కూడా పరీక్షించాల్సిందే అని మేడమ్ గట్టిగా చెప్పారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. తల్లికి గానీ బిడ్డకి గానీ బీ12 ఇచ్చేలోపే శాంపిల్స్ అన్నీ తీసేయాలి. ఇంజెక్షన్ పడితే బొమ్మ మారిపోయి, ఏది ఎందుకు వచ్చిందో తేల్చడం కష్టమవుతుంది. మా బంధువుల్లో ఒక డాక్టర్ ఫోన్‌లో "ముందు ఒక బీ12 ఇంజెక్షన్ వేయించెయ్, పోయేదేముంది" అన్నారు. మేడమ్ వద్దన్నారు. పాప చురుగ్గా ఉంది కాబట్టి ఆగగలిగాం, నీరసంగా ఉన్న బిడ్డ అయితే శాంపిల్స్ తీసిన మరుక్షణమే వైద్యం మొదలుపెట్టేస్తారట.

పాపకి మళ్లీ మడమ కార్డు, హోమోసిస్టీన్ (బీ12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం), బీ12, మూత్రంలో ఆర్గానిక్ ఆమ్లాలు. నాకు బీ12, హోమోసిస్టీన్, రక్తం పూర్తి లెక్క. వీటిలో సూదులు తేలిక, మూత్రం కష్టం. ఆడపిల్లకి అతికించే సంచి కాలు ఆడించగానే ఊడిపోతుంది. అతికించి, చూసి, ఊడితే మళ్లీ కడిగి ఆరబెట్టి అతికించి, ఈలోపు పక్కదుప్పటి మీద పని కానిచ్చేస్తుంది. చివరికి అత్తయ్య పాపని ఒళ్లో నిటారుగా పెట్టుకుని కదలకుండా కూర్చుంటే దొరికింది. దాన్ని వెంటనే ఫ్రీజ్ చేసి పంపాలి. దాన్ని జీసీఎంఎస్ అనే ఇంకో మెషిన్‌లో చూస్తారు. కార్నిటైన్ రిపోర్టు ఏ దారిలో అడ్డు ఉందో చెబితే, మూత్రంలో ఆమ్లాలు ఏ మెట్టు దగ్గరో చెబుతాయి.

ఎదురుచూసిన రోజుల గురించి పెద్దగా చెప్పను. పాప కాస్త ఎక్కువసేపు పడుకుంటే లేపేదాన్ని, లేపితే ఎందుకు లేపావని అమ్మ కోప్పడేది.

రిపోర్టులు వచ్చాయి. నా బీ12 126, ల్యాబ్ ప్రకారం కనీసం 200 ఉండాలి. హోమోసిస్టీన్ 34, 15 లోపు ఉండాల్సింది. పాప బీ12 కూడా తక్కువే. మూత్రంలో మిథైల్‌మలోనిక్ ఆమ్లం ఉంది గానీ కొద్దిగానే. పుట్టుకతో ఎంజైమ్ లేని పిల్లల్లో అది చాలా ఎక్కువగా ఉంటుంది. మొదటి కార్డులో మెథియోనిన్ మరీ పడిపోలేదు, అది కూడా మంచి గుర్తేనట. అన్నీ కలిపి చూస్తే లోపం నా దగ్గర నుంచి వచ్చినట్టే కనిపిస్తోందని మేడమ్ అన్నారు. అయితే బీ12ని శరీరం వాడుకోలేని జన్యు లోపాలు కొన్ని ఉంటాయి, వాటిని పూర్తిగా కొట్టిపారేయకుండా, ఇద్దరికీ ఇంజెక్షన్లు ఇచ్చి సీ3 దిగుతుందా, దిగి అక్కడే ఉంటుందా చూద్దాం, లేకపోతే జన్యు పరీక్షకి వెళ్దాం అన్నారు.

నా హిమోగ్లోబిన్ మాత్రం బాగానే ఉంది. గర్భంలో ఉన్నన్నాళ్లూ "రక్తం బాగుంది" అనే అన్నారు. మనకి గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బీ12 ఉండదు. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతని సరిచేసి బీ12 లోపం బయటికి కనిపించకుండా చేయగలదు. నరాలకి జరిగే నష్టం మాత్రం ఆగదు. థైరాయిడ్ చూశారు, షుగర్ చూశారు, స్కానింగులు లెక్కలేనన్ని. బీ12 ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు, అడగాలని తెలియదు కూడా. ఇదేదో కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. బీ12 తక్కువున్న తల్లుల పాలు మాత్రమే తాగే పిల్లలు మందకొడిగా మారడం, నేర్చుకున్న పనులు మర్చిపోవడం, వణుకు, వేళ్ల కణుపుల దగ్గర చర్మం నల్లబడడం గురించి వెల్లూరు సీఎంసీ డాక్టర్లు 1962లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. అరవై ఏళ్లు దాటింది. శాకాహారి గర్భిణికి ఈ ఒక్క రక్తపరీక్ష రాయడానికి ఇంకా ఏం అడ్డమో నాకు అర్థం కావడం లేదు.

మేడమ్ రాసింది హైడ్రాక్సోకోబాలమిన్ ఇంజెక్షన్. మందుల షాపుల్లో మిథైల్‌కోబాలమిన్ అడగకముందే తీసి ఇస్తారు, ఇది మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. ఎర్రటి మందు, చూస్తే భయమేస్తుంది గానీ దాని రంగే అంత. పాపకి తొడలో, నాకు చేతికి. నా గ్యాస్ బిళ్ల ఆపించి, కడుపు డాక్టర్‌కి చూపించుకోమన్నారు. ఆ బిళ్లలు ఏళ్ల తరబడి వేసుకుంటే కడుపులో ఆమ్లం తగ్గి, తిన్న ఆహారం నుంచి బీ12 సరిగ్గా విడుదల కాదట. షుగర్‌కీ, పీసీఓఎస్‌కీ వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12 తగ్గిస్తుంది. మా ఆఫీసులో ఆడవాళ్లలో ఈ రెండింటిలో ఒకటైనా వాడని వాళ్లు తక్కువే.

పెరుగు దగ్గర ఇంట్లో యుద్ధం జరిగింది. పథ్యమంతా తప్పని నేను అనను, ధనియాల కారం అన్నం ఇప్పటికీ అడిగి కలిపించుకుంటాను. కానీ గుడ్డు తినని ఇంట్లో బీ12కి మిగిలేది పాలూ పెరుగే, బాలింతకి సరిగ్గా అవే మాన్పించేస్తే ఎలా? మేడమ్ అమ్మతో నేరుగా, "అమ్మగారూ, మీరు మధ్యాహ్నం పెరుగు పెట్టండి, జలుబు చేస్తే నేను చూసుకుంటాను" అన్నారు. డాక్టర్ అన్నారు కాబట్టి అమ్మ ఒప్పుకుంది. నేను అంటే ఒప్పుకునేది కాదు.

తర్వాత తీసిన కార్డులో సీ3 కటాఫ్ లోపలికి వచ్చేసింది. సీ3 మొదటి రోజుల్లో ఎక్కువగా ఉండి వయసుతో కొంత తగ్గుతుందని, అందుకే ఆ వయసుకి తగిన కటాఫ్‌తోనే పోల్చాలని మేడమ్ చూపించారు. నిష్పత్తి కూడా దిగింది, హోమోసిస్టీన్ దిగింది. కొన్నాళ్లు ఇంజెక్షన్ ఆపి మళ్లీ చూశారు, పెరగలేదు. జన్యు పరీక్ష అవసరం రాలేదు. పాప ఇప్పుడు బోర్లా పడుతోంది, చేతికందింది నోట్లో పెట్టుకుంటోంది.

ఆ కుటుంబం సంగతి చెప్తానన్నాను. ఓపీ బయట కూర్చున్నప్పుడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క పలకరించింది. వాళ్ల బాబుకి కూడా సీ3నే, మాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రొపియోనిక్ ఎసిడీమియా. ఆ నాలుగు అమైనో ఆమ్లాలు లేని ప్రత్యేకమైన పాలపొడి తెప్పించి పడుతున్నారు. జ్వరం వస్తే చాలు ఆస్పత్రిలో చేరాల్సిందే, ఎక్కువసేపు తినకుండా ఉంటే శరీరం సొంత కండనే విరిచేసుకుని విషం పెంచుకుంటుంది. అంతకు ముందు పుట్టిన బిడ్డ వారానికే పాలు మానేసి, మత్తులోకి వెళ్లి పోయాడట. ఇన్ఫెక్షన్ అన్నారు, రాసిచ్చారు. అప్పుడు ఈ కార్డు తీసినవాళ్లు లేరు. నా పాప రిపోర్టు చూపిస్తే "మీది తగ్గుతది చెల్లె" అంది. బాబు ఆవిడ భుజం మీద నిద్రపోతున్నాడు, వాడి ముక్కులో పాలు పట్టే గొట్టం ఉంది.

మా ఇంట్లో ఇంకొకటి మిగిలింది. అమ్మకి కొన్నేళ్లుగా అరికాళ్లు తిమ్మిర్లు, రాత్రి మంటలు. వయసు అనుకుని జండూబామ్ రాసుకునేది. నా రిపోర్టు చూశాక మా ఆయన పట్టుబట్టి అమ్మకీ టెస్టు చేయించారు. నాకంటే తక్కువ వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంత కాలం అయింది కాబట్టి తిమ్మిర్లు పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేమన్నారు. మంటలు మాత్రం తగ్గాయంటోంది. గుడ్డు విషయం ఎత్తితే ఇప్పటికీ చెవులు మూసుకుంటుంది.